సరివి తోపులో ఆయన ఎక్కిన ఆఖరి చెట్టు

"చాల్లే, దిగు."

"ఉండుమే. ఈ పైన ఉండేది బాగా పచ్చగా ఉండాది. ఇది కోసుకుని దిగతా."

మేమిద్దరం ఆఖరున మాట్లాడుకున్న మాటలు ఇవే. ఆయన సరివి చెట్టు తలలో ఉన్నాడు. నేను కింద గోనెపట్టా పరుచుకుని, పైనుంచి పడే రెమ్మల కోసం మెడ ఎత్తి చూస్తున్నాను. భార్యాభర్తల ఆఖరి మాటలంటే ఇంకేదో ఉండాలని వినేవాళ్లు అనుకుంటారు. మాకు అంతే దొరికాయి. అవీ పనిమాటలే.

ఇది నేను చెబుతుంటే మా అన్న కూతురు రాస్తోంది. నాకు సంతకం పెట్టడం, బస్సు మీద ఊరిపేరు కూడబలుక్కోవడం తప్ప చదువు రాదు. కాలేజీ వాళ్లు మనిషిని పంపించి, తోపులో పనిచేసిన వాళ్లందరినీ ఏదో ఒక సంగతి చెప్పమన్నారు. కొత్తగా ఈ పనికి వచ్చే పిల్లల కోసం పుస్తకం వేస్తారట. నా మాట నెల్లూరు మాట, మొరటు మాట. దాన్ని పుస్తకం మాటలోకి మార్చి రాస్తానంది మా పిల్ల. మార్చుకో తల్లీ, సంగతి మాత్రం మార్చొద్దు అన్నాను.

మా ఊరు అల్లూరుకు తూర్పున సముద్రం ఒడ్డున ఉంది. ఊరికీ సముద్రానికీ నడుమ ఇసుక దిబ్బలు, వాటి మీద ఊరుమ్మడి సరివి తోపు. కొన్ని ఊళ్లలో సరుగుడు అంటారు, చెట్టు ఒకటే. తుఫాను గాలి వస్తే ముందు దాన్ని తాకి, ఆ తర్వాతే మా ఇళ్ల మీదికి రావాలి. ఆయనా, మా బావా, అంటే ఆయన అన్న, చిన్నప్పటినుంచీ సరివి కొట్టే పనిలో ఉన్నవాళ్లు. చెట్టెక్కి కొమ్మలు దించి, ఆ తర్వాత మాను పడగొట్టడం వాళ్ల పని. నేను కింద పడినవి కట్టలు కట్టేదాన్ని.

ఇలా ఉండగా కాలేజీ వాళ్లు వచ్చి తోపు మధ్యలో ఇనుప టవరు నిలబెట్టారు. ఆయన్నీ నన్నూ పనిలో పెట్టుకున్నారు. వాళ్లకు పెద్ద ఒక ఆడమనిషి. మేడం అనేవాళ్లం. ముప్పై దాటి కొద్దిగా ఉంటాయేమో. ఎర్రటి ఎండలో టోపీ పెట్టుకుని ఇసుకలో చెప్పుల్లేకుండా తిరిగేది. ఆయన్ని అన్నా అనేది, నన్ను అక్కా అనేది.

ఈ టవరు ఎందుకని ఆయన మొదటి వారంలోనే అడిగాడు. మేడం ఇసుక మీద పుల్లతో గళ్లు గీసింది.

"అన్నా, వానలు తగ్గితే చెట్లు ఏమవుతాయో ముందే చెప్పడానికి కంప్యూటర్‌లో భూమినంతా ఇలా గళ్లుగా పెట్టుకున్నారు. ఒక్కో గడిలో చెట్లు, మట్టి, వాన, ఎండ అన్నీ లెక్కగా ఉంటాయి. అంటే మీ తోపులాంటిదే ఇంకో తోపు కంప్యూటర్‌లో ఉంది. ఆ తోపు చేసేది ఈ తోపు చేస్తోందా లేదా చూడటమే మన పని."

"మా తోపు ఈ గడిలో యాడుండాది మేడం?"

"తోపు ఒక్కటే కాదు. మీ ఊరు, రొయ్యల గుంటలు, వరి మళ్లు, అల్లూరు బజారు, అన్నీ కలిపినా ఒక్క గడి నిండదు."

"అయితే ఆ లెక్కలో రొయ్యలు గూడా చెట్లేనా?"

మేడం పుల్ల పారేసి నవ్వింది. "మీరు మా మీటింగులకి రావాలన్నా. ఈ ప్రశ్న అడిగితే అక్కడ అందరూ గొడవపడతారు."

పని చేయగా చేయగా మాకు అర్థమైంది కొంచెమే. ఆ కొంచెం చెబుతాను, లేకపోతే జరిగింది మీకు తెలియదు. కొన్ని చెట్ల మానులో, మనిషి రొమ్ము ఎత్తులో, సూదులు దించారు. మానులో నీళ్లు పైకి ఎక్కుతున్నాయా ఆగాయా అన్నది అవి చెబుతాయి. ఇంకొకటి ఇనుప కుండ. చెట్టు తలలో ఎండ తగిలే రెమ్మను కోసుకొచ్చి, ఆ కుండలో పెట్టి, కోసిన మొన ఒక్కటే బయటికి వచ్చేలా మూత బిగిస్తారు. సిలిండరులోంచి కుండలోకి గాలి వదులుతారు. లోపల ఒత్తిడి పెరిగే కొద్దీ బయట ఉన్న మొన మీద నీటి చెమ్మ ఊరుతుంది. కాస్త గాలికే ఊరితే చెట్టుకు దాహం లేదని. ఎంత గాలి పట్టినా ఊరకపోతే చెట్టు గొంతెండిందని.

మేము చేసిన తప్పులు లేకపోలేదు. ఒకసారి వేరే ఊరి నుంచి పెద్దవాళ్లు వస్తారని చెప్పారు. తోపులో ఆకు ఊడ్చుకునే ఆడోళ్లు, నేను, కలిసి టవరు చుట్టూ శుభ్రంగా ఊడ్చి, పేడనీళ్లు కలిపి కళ్లాపి చల్లి, ముగ్గు వేశాం. పెద్దవాళ్లు వస్తుంటే వాకిలి అట్లాగే వదిలేస్తామా? ఇసుకలో పూడ్చిన మిషను చెమ్మ చూసి వాన పడిందని రాసుకుందట. మేడం తల పట్టుకుని కూర్చుంది. తర్వాత ముగ్గును ఫొటో తీసుకుంది. వచ్చిన పెద్దాయన ఆ ముగ్గు తొక్కకుండా పక్కనుంచి నడిచిపోయాడు. అదొక్కటి నాకు నచ్చింది.

ఆ తర్వాత కరువు వచ్చింది. మాకు పెద్దవానలు దీపావళి దాటాక పడాలి. ఒక ఏడు మొహం చాటేశాయి, రెండో ఏడు కూడా ఆకాశం తెల్లగానే ఉండిపోయింది. దొరువుల్లో నీళ్లు ఉప్పు తేలాయి. దొరువంటే ఇసుకలో తవ్వుకునే మంచినీళ్ల గుంట. ఊరంతా వాటి మీదే బతుకుతుంది. పల్లంలో ఉన్న సరివి చెట్లు బాగానే ఉన్నట్టు కనపడేవి. దిబ్బ మీదివి కూడా పచ్చగానే ఉండేవి. కాకపోతే ఆ పచ్చ మీద ఎవరో బూడిద చల్లినట్టుండేది. సూదులు మాత్రం దిబ్బ మీది చెట్లలో నీళ్లు ఎక్కడం ఆగిపోయిందని చెప్పాయి. కంప్యూటర్ తోపులో కూడా అదే సమయానికి ఆగిపోయాయని మేడం సంతోషపడింది. ఆ తోపు లెక్క ఏమిటంటే, నీళ్లు తక్కువైతే ఆకు నోరు మూసుకుంటుంది, వాన పడగానే తెరుస్తుంది. మధ్యలో చెట్టు నిద్రలో ఉన్నట్టు.

ఆ రోజు పొద్దెక్కాక దిబ్బ మీది చెట్టుకు వచ్చాం. ఆయన ఎప్పుడూ తాడు కట్టుకునే కొమ్మ దాకా ఎక్కి, తాడు కట్టుకుని, ఒక రెమ్మ కోసి వదిలాడు. మేడం కుండలో బిగించింది. గాలి పట్టింది. మొన మీద ఏమీ రాలేదు. ఇంకా పట్టింది. రాలేదు. కోత సరిగ్గా పడలేదేమో అనుకుంది మేడం. "ఇంకోటి కోయమనక్కా" అంది. నేను కేకేశాను. ఆయన ఇంకోటి వదిలాడు. అదీ అంతే, పొడి. సిలిండరు ముల్లు ఆఖరికి పోతోంది. ఇంకా పైది, ఎండ బాగా తగిలేది, పచ్చగా ఉన్నది కావాలని మేడం అంది. నాకెందుకో విసుగొచ్చి, ఇక చాల్లే దిగమన్నాను. ఆయన దిగలేదు. తాడు విప్పుకుని పై పంగకు కట్టుకున్నాడు.

పెద్ద చప్పుడు రాలేదు. పొయ్యిలోకి చెత్తపుల్ల విరిచినప్పుడు వచ్చేంత చప్పుడు. చెట్టు తల మొత్తం, ఆయనతో, తాడుతో సహా వచ్చేసింది.

ఆటోలో నా ఒడిలో తల పెట్టుకుని తీసుకుపోయాను. అల్లూరు చేరకముందే అయిపోయింది. అక్కడ ఇంకేం రాయొద్దు తల్లీ. ఖాళీ వదిలెయ్.

ఉత్తరక్రియలు కాకముందే ఊళ్లో ఒక మాట పుట్టింది. తాగి ఎక్కాడని. ఆ మాట పుట్టించింది ఎవరో పరాయివాళ్లు కాదు, మా బావే. శవం దగ్గర గుండెలు బాదుకున్నవాడు. నలుగురు కూర్చున్న చోట అన్నాడట, పచ్చి సరివి వంగుద్ది గానీ విరగదు, నా పుట్టుకనించీ ఎక్కతా ఉండా, ఒక్క పచ్చి చెట్టు నా కింద విరగలా, వాడు పోగూడనంత పైకి పోయినాడంటే తలలో ఏందో ఉండాలి, అని. సరివి ఎక్కేవాళ్లందరూ తలూపారు. వాళ్ల పనిలో అది అనుమానం లేని మాట. విరిగిన తల సంగతి ఎవరికీ పట్టలేదు. మనిషి పోయిన చోట కొమ్మనెవరు చూస్తారు?

ఆయన తాగేవాడు. లేదని ఎందుకు చెప్పాలి? కొడుకు లేడనే దిగులు వచ్చిన రోజుల్లో బాగానే తాగాడు. చెట్టెక్కే రోజు తాగడు. ఆ పొద్దు నేనిచ్చిన రాగిసంకటి తిని, నా ఎదుటే నోరు కడుక్కుని బయల్దేరాడు. కానీ నా మాట ఎవరు నమ్ముతారు? పెళ్లాం అట్లాగే చెబుద్దిలే అంటారు. ఎంత పెద్ద దిగులయినా నేను మోయగలను. తాగి చచ్చినోడి పెళ్లాం అని నన్ను అనిపించుకోవచ్చు. ఆయన్ని తాగి చచ్చినోడు అనిపించడం మాత్రం మింగుడుపడలేదు. అన్నేళ్లు ఎంత జాగ్రత్తగా తాడు కట్టుకునేవాడో నాకు తెలుసు.

మేడం మా ఇంటికొచ్చింది. చాప వేస్తే చాప మీద కూర్చోలేదు, నేల మీదే కూర్చుంది. ఆ తర్వాత అంది, "అక్కా, ఆ చెట్టులో నీళ్లెక్కడం అన్న ఎక్కక ముందే ఆగిపోయింది. నేను చూశాను."

"చూసి?"

"నిద్రపోతోందనుకున్నాను. కంప్యూటర్ కూడా అదే చెప్పింది. రెండూ ఒకటే చెబుతున్నాయి కదా అని... కుండలో చెమ్మ రానప్పుడైనా ఆగాల్సింది. కోత సరిగ్గా పడలేదనుకున్నా."

నాకు ఒళ్లు మండింది. ఏం మాట్లాడుతున్నానో చూసుకోలేదు. "నిద్రపోయినదానికీ చచ్చినదానికీ తేడా తెలవని మిషన్లు పెట్టి మమ్మల్ని చెట్లెక్కించినారా మేడం?"

ఆమె తల వంచుకుంది. నేనే అడిగాను. "ఎట్ట తెలస్తాది మరి?"

"వాన పడితే. నిద్రలో ఉన్న చెట్టయితే మళ్లీ నీళ్లు తాగుతుంది. చచ్చినదైతే తాగదు. కానీ నేను ఇది ఆపేస్తానక్కా. టవరు తీయించేస్తాను. ఇంకొకరిని ఎక్కమని చెప్పలేను."

ఆమె పోయిన తర్వాత నాకు ఒకటే ఆలోచన. ఆ చెట్టు అప్పటికే చచ్చి ఉంటే ఆయన తప్పు లేదు. పచ్చరంగు ఆయన్ని మోసం చేసింది, అంతే. బతికి ఉంటే మాత్రం మా బావ చెప్పిందే నిజమవుతుంది.

ఆ వారంలోనే తుఫాను షెల్టరులో ఊరు కూడింది. తోపు కొట్టేయాలని. భర్త పోయిన ఆడది నెల తిరక్కుండా గడప దాటకూడదంటారు. నేను దాటాను. లోపలికి పోకుండా తలుపు బయట నిలబడ్డాను. ఒకామె నన్ను చూసి కొంగు నోట్లో పెట్టుకుంది.

మా బావ లేచి అన్నాడు. "దిబ్బ మీదియ్యన్నీ కొట్టేద్దాం. ఒక మనిషిని మింగిన తోపు. ఆ మిషన్లు దించినాక వాన లేకుండా పోయింది, అది గూడా చూసుకోండి."

వలలు కట్టే ముసలాయన ఒకడు ఒప్పుకోలేదు. "వాయుగుండాల రోజులు ముందుండాయి. తోపు లేకపోతే నీ ఇంటి కప్పు నా పడవలో దిగుద్ది. ఏం మాటలు మాట్టాడతావు?"

"చచ్చిన చెట్లు గాలిని ఆపుతాయా పెద్దాయనా? మనమీదే పడతాయి."

"చచ్చినాయని నీకెవురు చెప్పినారు? నువ్వేగదా పచ్చి చెట్టని ఊరంతా చెప్పుకుంటా ఉండావు!"

మా బావ అప్పుడు తలుపు దగ్గర ఉన్న నన్ను చూశాడు. "ఆ అమ్మాయిని చెప్పనీయండి. మొగుణ్ణి పోగొట్టుకున్న మనిషి. ఆమె ఎట్టంటే అట్ట."

కొట్టేయమంటాననే అనుకున్నాడు. ఊరంతా అదే అనుకుంది.

"వాన పడిందాకా ఆపండి బావా," అన్నాను.

"ఏం చూస్తావమ్మాయ్ వాన పడితే?"

"ఏది నిద్రలో ఉండాదో, ఏది పోయిందో చూస్తా. మేడం ఎవుర్నీ చెట్టెక్కించదు. మానులో సూదులు చాలు. నేను కింద ఉండి చూసుకుంటా. అప్పుడు కొట్టుకోండి."

"ఇంకా ఆ చెట్టు కిందికే పోతావా?"

"నేను యాడికి పోవాల బావా? నాకు ఆ పనే వచ్చు."

ముసలాయన లేచి, ఆమె మాట అయిపోయింది, ఇక లేవండి అన్నాడు. మేడంకు నేనే ఫోను చేయించాను, టవరు తీయొద్దని. ఆమె అవతల ఏడుస్తోందో ఏమో, సరే అక్కా అని పెట్టేసింది.

అక్కడినుంచి వాన కోసం చూడటం. పిల్లలూ, మీకు ఒకటి చెప్పాలి, దాచిపెట్టి లాభం లేదు. ఊరంతా వాన పడి చెట్లు లేవాలని మొక్కుకుంటోంది. నేను ఒక్కదాన్ని మాత్రం ఆ ఒక్క చెట్టు లేవకూడదని కోరుకున్నాను. తోపు బతకాలి, అది మా ఊరికి అడ్డం. ఆయన ఎక్కిన చెట్టు మాత్రం చచ్చే ఉండాలి. రోజూ పోయి దాని కింద నిలబడి, నువ్వు లేవొద్దు అని చెప్పేదాన్ని. చెట్టుకు శాపం పెట్టడం అది మొదటిసారి నాకు.

వాయుగుండం పట్టింది. పట్టి వదల్లేదు. ఇసుకంతా వాన పీల్చుకుని, ఆ తర్వాత పీల్చుకోలేక, దిబ్బల కింద నీళ్లు నిలబడ్డాయి. వాన వెలిశాక మేడం వచ్చింది. టవరు కింద పెట్టె మీద లాప్‌టాప్ పెట్టుకుని రెండు గీతలు చూపించింది. ఒకటి కంప్యూటర్ తోపుది, ఒకటి మాది. కంప్యూటర్ గీత వాన పడిన మర్నాడే నిలువునా లేచి, కరువు రాకముందు ఎంతుందో అంత ఎత్తుకు పోయి కూర్చుంది. మాది అట్లా లేవలేదు. పల్లంలో చెట్లు లేచాయి. దిబ్బ మీద కొన్ని మెల్లగా మొదలుపెట్టాయి, చాలావరకు కదల్లేదు.

"ఆ తోపులో వాన పడగానే అన్నీ మరిచిపోతాయక్కా," అంది మేడం. "దెబ్బ తగిలిన గుర్తు ఉండదు."

"ఆ తోపులో చెట్టెక్కేవాళ్లు లేరు గదా," అన్నాను. "మన చెట్టు సంగతి చూడండి."

ఆమె ఏదో నొక్కింది. చాలాసేపు చూసింది. నా వైపు తిరగలేదు. "కొంచెం లేచిందక్కా."

టవరు ఊచ పట్టుకున్నాను. "అంటే బతికే ఉండాదా?"

"సూది రొమ్ము ఎత్తులో ఉంది. అక్కడ బతికుంది. పైన సంగతి దానికి తెలియదు. పైనా బతికే ఉందో, కింద ఒక్కటే బతికుందో..."

"ఎట్ట తెలస్తాది?"

"కోస్తేనే."

ఇద్దరం ఆ చెట్టు వైపు చూశాం. ఆమె దగ్గర అన్నిటికంటే ఎక్కువ ఏళ్ల లెక్క ఉన్న చెట్టు అదే. కొట్టేస్తే ఆ లెక్క అక్కడితో సరి. తోపు కొట్టొద్దని ఊరిని ఆపినదాన్ని నేనే. అయినా అడిగాను. "కోయిద్దాం మేడం."

ఆమె కాదనలేదు. "నాకూ తెలియాలక్కా," అంది.

కోయడానికి ఎవరినో పిలవొచ్చు. నేను మా బావ ఇంటికే పోయాను. ఆయన వాకిట్లో రంపం పళ్లకు ఆకురాయి పెడుతున్నాడు. "ఆ చెట్టు నువ్వే కొయ్యాల బావా," అన్నాను. ఎందుకని అడగలేదు. రంపం భుజాన వేసుకుని నా వెనకే వచ్చాడు. వాళ్ల పిల్లాయన, అంటే పెద్దకొడుకు, రెండో పక్క పట్టాడు.

చెట్టును సముద్రం వైపు పడగొట్టారు. అది నేల మీద పడ్డాక, మొదలు నుంచి తల వైపు దుంగలు దుంగలుగా కోయమని చెప్పాను. మొదటి కోతలో రంపపు పొట్టు ఎర్రగా, తడిగా, పళ్లకు అతుక్కుంటూ వచ్చింది. పిడికిట పడితే ముద్దయింది. మా బావ నా మొహం చూశాడు. రెండోదీ తడే. మేడం చేతులు వెనక్కి కట్టుకుని నిలబడింది. మూడో కోతకు రంపం మాట మారింది. సన్నగా, ఎండు గొంతుతో కోయడం మొదలుపెట్టింది. పొట్టు ముద్ద కాలేదు. గాలికి లేచి మా బావ మీసాల మీద పడింది. తెల్లటి పొడి.

ఆయన రంపం ఆపాడు. వంగి మాను తడిమాడు. ఆ కోతకు ఇంకా పైన, తల వైపు, బెరడు అరిగి నున్నగా ఉన్న చోటొకటి ఉంది. అది మా ఆయన ఎప్పుడూ తాడు కట్టుకునే చోటు. ఎన్ని ఏళ్లు కట్టి ఉంటే అంత అరుగుతుంది! ఎండు మొదలయింది దానికంటే బాగా కింద. అంటే ఆయన ఆ పై పంగకు పోకుండా, నా మాట విని అక్కడే ఆగి ఉన్నా, అప్పటికే చచ్చిన మాను మీద ఉన్నాడు. ఆ చోట ఎవరు నిలబడినా, తాగినవాడైనా తాగనివాడైనా, ఏదో ఒక రోజు అదే జరిగేది.

"తల విరిగి ఇన్నాళ్లయింది గదా, పైన అంతా ఆ తర్వాత ఎండి ఉండొచ్చు గదా నాయనా," అన్నాడు పెద్దకొడుకు. వాడు అన్నది సబబే.

మా బావ ఆ దుంగ మీద కూర్చున్నాడు. రంపం మోకాళ్ల మీద పెట్టుకున్నాడు.

"కాదురా. ఆ రోజే ఎండి ఉండింది," అన్నాడు. "ఆ విరిగిన తల ఇంటికి పోగూడదని నేనే మోసుకుపోయి వాడి చితి మీద పేర్చినా. పచ్చి కొమ్మ గదా, పొగ వస్తాదని కిరసనాయిలు గూడా తీసుకుపోయినా. దాని అవసరం లేకపోయింది. ఆకంతా పచ్చగా ఉండగానే బగ్గున అంటుకునింది. పొగే లేదు. నేను ఎదురుగ్గా ఉండి చూసినా."

నేను అడిగాను. "చూసి గూడా అట్ట ఎందుకు చెప్పినావు బావా?"

ఆయన రంపానికి అంటిన పొట్టు తుడుస్తూ అన్నాడు. "పచ్చగా కనపడే చెట్టు విరుగుద్దని ఒప్పుకుంటే నేను రేపు ఏ చెట్టెక్కేది అమ్మాయ్? వీడు ఏ చెట్టెక్కేది? తమ్ముడు తాగినాడనుకుంటే ఎక్కగలిగినా."

కొడుకు పక్కకు తిరిగి నిలబడ్డాడు. మేడం వచ్చి ఆ దుంగకు ఇంకో కొసన కూర్చుంది. అంతకుముందు ఆమె మొహం చూడనన్న మా బావ, లేచేటప్పుడు ఆమెను చెయ్యి పట్టుకుని లేపాడు.

సాయంత్రం షెల్టరు దగ్గర పదిమంది ఉండగా మా బావ నిలబడి, "నా తమ్ముడు తాగలా. చెట్టు పైన చచ్చి ఉండింది," అన్నాడు. అంతే అన్నాడు. ఆ తర్వాత ఎప్పుడూ ఆయన చెట్టెక్కలేదు. పల్లంలో మాను కోత వరకే చేశాడు.

దిబ్బ మీద చచ్చిన చెట్లను తీసేసి చిన్న మొక్కలు పెట్టారు. పల్లంలోవి ఉన్నాయి. నేను చాలా ఏళ్లు ఆ పనిలోనే ఉండి, మోకాళ్లు పోయాక మానేశాను. ఇప్పుడు రెమ్మలు కోయడానికి ఎవరూ ఎక్కరు. నేల మీద నిలబడి పొడుగు గడకొక్కితో కోస్తారు. గడ అందని చెట్టును వదిలేస్తారు. కంప్యూటర్ తోపుకు ఇప్పుడు చెట్లు చావడం కూడా నేర్పుతున్నారని మేడం చెప్పింది. మొత్తంగా చావడం, సగం చావడం, వాన పడినా లేవలేకపోవడం. ఇంకా సరిగ్గా రావడం లేదట. ఒక ఊళ్లో కుదిరితే ఇంకో ఊళ్లో కుదరడం లేదట. కొన్నిసార్లు అన్నీ చచ్చిపోతున్నాయట, కొన్నిసార్లు ఒక్కటీ చావడం లేదట. నేను నవ్వాను. నవ్వాల్సింది కాదేమో. ఆమె కూడా నవ్వింది.

ఈ పనికి కొత్తగా వచ్చే పిల్లలకు నేను చెప్పగలిగింది ఒకటే. కుండలో బిగించిన రెమ్మ చెమ్మ ఇవ్వకపోతే, రెమ్మ చెడిపోయిందని ఇంకోటి కోయమనకండి. కాసేపు కింద కూర్చోండి. ఆ పొడి మొన కూడా ఒక జవాబేమో చూసుకోండి. పైన ఎవరన్నా ఉంటే ముందు దిగమనండి, దిగిందాకా వేరే మాట మాట్లాడకండి.

అయిపోయింది తల్లీ. అంతా రాశావా? ఇప్పుడు మొదటినుంచి చదివి వినిపించు. మెల్లగా చదువు, నాకు గబగబా చదివితే అర్థం కాదు. ఆయన్ని ఉన్నదానికంటే మంచివాడిగా చెప్పానని నీకు ఎక్కడైనా అనిపిస్తే, అక్కడ ఆగి నాకు చెప్పు. సరిచేద్దాం.